గేదె పాలా? గింజ పాలా?

*సోయా, ఓట్, బాదం, కొబ్బరి... మొక్కల నుంచి తీసిన పాలు మన వంటిళ్లలోకి వస్తున్నాయి. పాలు కడుపులో ఇమడక కొందరు, దూడ మీద జాలితో కొందరు, కొత్త రుచి చూద్దామని ఇంకొందరు వాటిని కొంటున్నారు. పాలు మారిస్తే కాఫీ ఏమవుతుంది? పెరుగేమవుతుంది? పిల్లల ఎదుగుదల, పాలు పోసే ఊళ్ల బతుకు ఏమవుతాయి?*

ఉదయం ఆరు దాటింది. కూకట్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. తలుపు గడియకు వేలాడే గుడ్డసంచిలో రోజూ రెండు పాల ప్యాకెట్లు పడేవి. ఇప్పుడు ఒకటే పడుతోంది. రెండోదాని బదులు ఫ్రిజ్ తలుపులో ఓట్ డ్రింక్ డబ్బా చేరింది. ఆ ఇంటి కోడలికి పాలు తాగితే కడుపుబ్బరం. కొన్నాళ్లు మానేసి చూడమన్నారు డాక్టరు.

టీ పెట్టింది మాత్రం అత్తగారే. అల్లం దంచి, టీపొడి వేసి, డబ్బాలోంచి ఓ గ్లాసు పోసి, పొంగు కోసం చూస్తూ నిలబడ్డారు. పొంగు రాలేదు. గరిటె తిప్పినకొద్దీ చిక్కబడింది.

‘‘ఇదేం టీ అమ్మా, జావలా అయింది!’’

‘‘దాన్ని మరిగించకూడదు అత్తయ్యా. దించేముందు పోయాలి.’’

‘‘మరగకపోతే అది టీ ఎట్లా అవుతుంది?’’

ఆ పెద్దావిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది. మన టీ మరగాల్సిందే. మన పెరుగు తోడుకోవాలి, కొత్తింట్లో పాలు పొంగాలి, పసిపిల్ల గ్లాసు ఖాళీ అవ్వాలి, చివరి ముద్దలో మజ్జిగ పడాలి. పాలు మన ఇళ్లలో పది పనులు చేస్తాయి. ఆ పదింటినీ ఒక్క డబ్బాకు అప్పజెప్పాలని చూసినవాళ్లే నెల తిరక్కుండా మళ్లీ ప్యాకెట్ పాలకు వచ్చేస్తున్నారు. ఏ గ్లాసులో పాలు ఏ పని చేస్తున్నాయో చూసుకుని, దానికి తగిన బదులు వెతుక్కున్నవాళ్లు నిలబడుతున్నారు.

ఇప్పుడే ఎందుకీ చర్చ?

కొన్నేళ్ల క్రితం సోయా పాలంటే మందుల షాపు పక్కన దొరికే పథ్యం సరుకు. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖ సూపర్‌మార్కెట్లలో వీటికంటూ ఓ అర ఉంది. కాఫీ షాపుల్లో ‘ఏ పాలు?’ అని అడుగుతున్నారు. పన్ను కూడా కలిసొచ్చింది. సోయా పానీయాల మీద 12 శాతం, మిగతా మొక్కల పాల మీద 18 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి దిగింది. అయినా లీటరు ఓట్ లేదా బాదం డబ్బా రెండొందలు దాటుతూనే ఉంది. లీటరు టోన్డ్ పాల ధరకు అది మూడు రెట్ల పైమాటే. నెల బడ్జెట్ చూసుకునే ఇంట్లో ఈ ఒక్క లెక్కతోనే చర్చ ఆగిపోతుంది. ఆగక్కర్లేదు, డబ్బా కొనకుండా నడిచే దారి కూడా ఉంది. అక్కడికి చివర్లో వద్దాం.

ప్రపంచంలో అత్యధికంగా పాలు ఉత్పత్తి చేసే దేశం మనది. 1998 నుంచీ ఆ స్థానం మనదే. 2023-24లో దేశంలో దాదాపు 23.9 కోట్ల టన్నుల పాలు వచ్చాయి. 1970లో మొదలైన ‘ఆపరేషన్ ఫ్లడ్’ (పాలవెల్లువ) పాలపొడి కోసం పరాయి దేశాలవైపు చూసిన స్థితి నుంచి మనల్ని ఇక్కడికి తెచ్చింది. అలాంటిచోట పాలు మానేయడమంటే ఇంట్లోవాళ్లకు అది తిండి విషయంలా అనిపించదు. వంశాచారాన్ని కాదన్నంత పనిగా కనిపిస్తుంది. కోడలు పాలు వద్దంటే అత్తగారు నొచ్చుకునేది అందుకే.

కడుపు చెప్పే మాట

పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని అరిగించే ఎంజైమ్ లాక్టేజ్. తల్లిపాలు తాగే వయసులో ఇది అందరికీ పుష్కలంగా ఉంటుంది. పాలు మాన్పించాక ప్రపంచంలో ఎక్కువమందికి మెల్లగా తగ్గిపోతుంది. అప్పుడు అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరి పులుస్తుంది. కడుపుబ్బరం, గ్యాస్, విరేచనాలు దాని ఫలితమే. దీన్ని జబ్బుగా చూడక్కర్లేదు. మనుషుల్లో అధిక సంఖ్యాకుల శరీరం ఉండే తీరే ఇది.

పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకోగలగడం పశుపోషక సమాజాల్లో జన్యు మార్పు వల్ల వచ్చిన వరం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న ఓ అంతర్జాతీయ అధ్యయనం 2011లో దీన్ని మన దేశంలో వెతికింది. యూరప్‌వాసుల్లో కనిపించే మార్పే ఇక్కడా ఉందని తేలింది. వాయవ్య రాష్ట్రాల్లో అది ఎక్కువ, దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ తక్కువ. పంజాబీ స్నేహితుడు లోటాడు లస్సీ, దానిమీద గ్లాసుడు పాలు తాగి హాయిగా ఉంటే మనలో చాలామందికి ఒక్క గ్లాసు పచ్చి పాలకే కడుపు గుడగుడలాడటానికి కారణం ఇదే కావచ్చు.

మన పెద్దవాళ్లు దీనికి ఎప్పుడో దారి కనుక్కున్నారు. పాలను తోడేశారు. పెరుగులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత తినేస్తుంది, మిగిలినదాన్ని అరిగించడానికీ సాయపడుతుంది. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. అందుకే పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగన్నం ఇబ్బంది పెట్టదు. వాళ్లు గ్లాసుడు పాలు మానేసి పెరుగు ఉంచుకుంటే చాలు, లేదా లాక్టోజ్ తీసేసిన పాలు కొనుక్కోవచ్చు. పాల ప్రోటీన్‌కు అలర్జీ ఉండటం పూర్తిగా వేరే సంగతి. అది ఎక్కువగా పసిపిల్లల్లో కనిపిస్తుంది. దద్దుర్లు, వాంతులు, మలంలో రక్తం వస్తే సొంత వైద్యం పనికిరాదు. వాళ్లకు పెరుగూ నెయ్యీ కూడా ప్రమాదమే.

టీ మరగాలి, కాఫీ విరగకూడదు

ఇప్పుడు అత్తగారి ప్రశ్నకు జవాబు. ఓట్స్‌లో పిండిపదార్థం ఎక్కువ. దాన్ని ఎంజైమ్‌తో విడగొట్టి పానీయంగా మార్చే పద్ధతి 1990ల్లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం పరిశోధనల నుంచి వచ్చింది. అయినా కొంత పిండి మిగులుతుంది. మరిగిస్తే అది గంజిలా చిక్కబడుతుంది. కాబట్టి టీపొడి, అల్లం, యాలకులు నీళ్లలోనే బాగా మరగాలి. మామూలుగా వేసేదానికంటే కాస్త ఎక్కువ పొడి పడాలి. ఓట్ పాలు విడిగా గోరువెచ్చగా చేసి, వడకట్టిన డికాక్షన్‌లో చివర కలపాలి. రుచి ఇరానీ చాయ్‌కి దగ్గరగా రాదు. ఆ మాట ముందే ఒప్పుకోవాలి. గంటలకొద్దీ కాగి చిక్కబడ్డ పాల కమ్మదనం ఏ గింజకీ రాదు. అల్లం టీ, మసాలా టీ మాత్రం బాగానే కుదురుతాయి.

కాఫీ ఇబ్బంది వేరు. డికాక్షన్‌లో ఆమ్లం ఉంటుంది. ఆమ్లం, వేడి కలిసి సోయా, బాదం పాలలోని ప్రోటీన్‌ను గడ్డకట్టిస్తాయి. కప్పులో తెల్లటి పలుకులు తేలతాయి. పాలను వేడి చేసి, కాస్త చల్లారిన డికాక్షన్‌ను అందులోకి సన్నగా పోస్తే చాలావరకు విరగదు. ‘బరిస్తా’ అని రాసి ఉండే డబ్బాల్లో కొంచెం నూనె, ఆమ్లాన్ని అదుపుచేసే లవణం కలుపుతారు కాబట్టి అవి ఫిల్టర్ కాఫీకి నప్పుతాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఈ సర్దుబాటు ముందే జరిగింది. ఫ్రిజ్‌లో బాదం పాల డబ్బా, గ్యాలన్ ఆవుపాలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది పొద్దుటి కాఫీకి, సీరియల్‌కి. రెండోది తోడు వేయడానికి. ఒకదాని చోట ఇంకొకటి వాడరు.

> డబ్బా వెనక చదవండి
>
> • మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం మొక్కల పానీయాలను ‘మిల్క్’ పేరుతో అమ్మకూడదు. అందుకే డబ్బా మీద ‘డ్రింక్’, ‘బేవరేజ్’ అని ఉంటుంది. కొబ్బరిపాలకు మినహాయింపు ఉంది.
>
> • చాలా బాదం డబ్బాల్లో బాదం పాళ్లు నూటికి రెండు మూడే. మిగతాది నీళ్లు, చక్కెర, చిక్కదనం ఇచ్చే గమ్.
>
> • ‘చక్కెర కలపలేదు’ అన్నా ఓట్ పాలలో చక్కెర ఉంటుంది. పిండి విడిపోయినప్పుడు పుట్టే మాల్టోజ్ అది. మధుమేహం ఉన్నవాళ్లు మొత్తం చక్కెరల అంకె చూడాలి.
>
> • కాల్షియం, డి, బి12 కలిపారో లేదో చూడండి. కలిపిన కాల్షియం అడుగున పేరుకుంటుంది. ప్రతిసారీ డబ్బా బాగా కుదిపి పోసుకోవాలి.

పెరుగు దగ్గర అసలు పరీక్ష

కాఫీ మార్చుకున్నవాళ్లు కూడా పెరుగు దగ్గర ఆగిపోతారు. మన భోజనానికి ముగింపు అదే కదా. మొక్కల పాలలో బాగా తోడుకునేవి పల్లీ పాలు, సోయా పాలు. పాల పెరుగుతో తోడు వేయడం ఇష్టంలేనివాళ్లు పచ్చిమిరపకాయ తొడిమలు వేస్తారు. వాటిమీద సహజంగా ఉండే బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది. రాత్రి వేస్తే పొద్దుటికి తోడుకుంటుంది. మొదటి తోడు కాస్త వాసన వేస్తుంది, రెండో మూడో తోడుకు కుదురుతుంది. గేదె పెరుగులా కత్తితో కోసేంత గట్టిగా రాదు. ఇంగువ, ఆవాలు, కరివేపాకు తాలింపు పడ్డాక దద్దోజనంగా, మజ్జిగచారుగా మాత్రం మెప్పిస్తుంది.

రుచి సంగతి సర్దుకుంటుంది. సర్దుకోనిది ఒకటుంది, విటమిన్ బి12. ఏ మొక్కా నమ్మదగ్గ మోతాదులో దాన్ని ఇవ్వదు. మాంసం, చేప, గుడ్డు తినేవాళ్లకు ఆ బెంగ తక్కువ. మన శాకాహార కుటుంబాల్లో మాత్రం పాలు, పెరుగే దానికి ఆధారం. పెద్దలకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు కావాలి. గ్లాసుడు పాలు అందులో దాదాపు మూడో వంతు ఇస్తాయి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 ఇంకా తగ్గుతుంది. అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం వస్తే ‘వయసు కదా’ అని వదిలేస్తాం. ఇంట్లో శాకాహారులైన పెద్దవాళ్లున్నప్పుడు పాలు, పెరుగు పూర్తిగా తీసేయాలనుకుంటే ముందు రక్తపరీక్ష చేయించి, డాక్టరు సలహాతో బి12 మాత్ర మొదలుపెట్టాలి. ఆ తర్వాతే మానాలి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

పిల్లల గ్లాసులో ఏం పోయాలి?

ఏడాదిలోపు పసివాళ్లకు తల్లిపాలే. అవి చాలకపోతే డాక్టరు చెప్పిన ఫార్ములా. బాదం పాలు, బియ్యం పాలు పసిబిడ్డకు ప్రధాన ఆహారంగా పడితే తీవ్రమైన ప్రోటీన్ లోపం వస్తుంది. ఇలాంటి కేసులు వైద్య పత్రికలకెక్కాయి కూడా. ఆ తర్వాతి వయసులోనూ అన్ని తెల్లని ద్రవాలూ ఒకటి కావు. 200 మిల్లీలీటర్ల గ్లాసుడు ఆవుపాలలో ఆరేడు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. సోయా పాలలో దాదాపు అంతే. ఓట్ పాలలో రెండు గ్రాములు, బాదం పానీయంలో ఒక గ్రాము. అమెరికా పిల్లల వైద్యులు, పోషకాహార నిపుణులు కలిసి 2019లో ఇచ్చిన సూచనల్లో అయిదేళ్లలోపు పిల్లలకు ఆవుపాలకు బదులుగా పోషకాలు చేర్చిన, తీపి కలపని సోయా పానీయాన్ని మాత్రమే ఒప్పుకున్నారు.

కాల్షియం విషయంలో మన నేలకు బలముంది. వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. అంతే పరిమాణం ఆవుపాలలో ఉండేది 120 దాకా. నువ్వుల్లో వెయ్యి దాటుతుంది, అయితే పొట్టులోని ఆక్సలేట్ల వల్ల అందులో కొంతే ఒంటబడుతుంది. రాయలసీమ సంగటి, ఉత్తరాంధ్ర చోడి అంబలి, నువ్వుల ఉండ, మునగాకు పప్పు ఉన్న ఇంట్లో పాలు తగ్గినా ఎముకలకు ఆధారం ఉంటుంది. ఇవేవీ తినకుండా బిస్కెట్లు, నూడుల్స్‌తో గడిచే ఇంట్లో ఆ గ్లాసుడు పాలే పిల్లాడికి దిక్కు. దాన్ని బాదం నీళ్లతో మార్చడం అన్యాయం.

తెలంగాణలో 2015 నుంచి ‘ఆరోగ్యలక్ష్మి’ కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు, బాలింతలకు భోజనం, గుడ్డుతో పాటు రోజూ 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. రక్తహీనతతో, కూలిపనితో గర్భం మోసే స్త్రీకి ఆ గ్లాసు ఎంత విలువైనదో ఆ ఊళ్లకు వెళ్లి చూస్తే తెలుస్తుంది. నగరంలో మనం తెచ్చుకునే మార్పును అందరికీ నీతిగా చెప్పలేం.

గాంధీజీ ఒట్టు

పాలు మానాలన్న ఆలోచన పడమటి నుంచి వచ్చిన కొత్త మోజని చాలామంది అనుకుంటారు. దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫామ్‌లో గాంధీజీ పాలు వదిలేసింది 1912లో. జంతువుల నుంచి వచ్చేవేవీ ముట్టనివాళ్లను పిలిచే ‘వీగన్’ అనే మాట ఇంగ్లండ్‌లో పుట్టడానికి ముప్ఫై ఏళ్ల ముందు. కలకత్తాలో పాలు పిండుకోవడానికి ఆవుల్ని, గేదెల్ని పెట్టే హింస గురించి చదవడం ఆయన్ని కదిలించింది. 1918లో ఖేడాలో తిరుగుతూ తీవ్రంగా జబ్బుపడ్డప్పుడు పాలు తాగక తప్పదన్నారు వైద్యులు. ఒట్టు వేసినప్పుడు మీ మనసులో ఉన్నవి ఆవు, గేదే కదా, మేకపాలకు అభ్యంతరమేమిటని కస్తూర్బా అడిగారు. ఆయన ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు జీవితాంతం ఆయన్ని బాధించింది. బలహీనుడైన రోగికి పాలకు సాటివచ్చే శాకాహారం ఏదో చెప్పమని వైద్యుల్ని అడుగుతూనే వచ్చారు.

ఆ ప్రశ్నకు మన దేశంలోనే సగం జవాబు తయారైంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వేరుశనగ ప్రోటీన్‌తో ‘మిల్టోన్’ అనే పానీయం రూపొందించింది. కొరత రోజుల్లో గేదెపాలకు వేరుశనగ ప్రోటీన్ జతచేసి ఎక్కువమందికి అందించాలన్నది ఆలోచన. పాలవెల్లువ వచ్చాక దాన్ని జనం మర్చిపోయారు. మళ్లీ గుర్తుచేసుకోవాల్సిన కాలం ఇది.

దూడ, గడ్డి, గాలి

జంతువుల పట్ల దయతో పాలు మానేసినవాళ్ల వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. దున్నదూడ పుడితే దాన్ని మేపడం రైతుకు భారం. పాలు తాగనివ్వక, మేత వేయక చావనిచ్చే సంగతి పల్లెల్లో అందరికీ తెలుసు. పాలు చేపడానికి ఆక్సిటోసిన్ సూదులు వేసేవాళ్లూ ఉన్నారు. గోవును పూజించే ఊళ్లలోనే ఒట్టిపోయిన ఆవు రోడ్డున పడుతోంది. ఇది చూసి మనసు విరిగినవాళ్లు పాలు వదిలేశారంటే వాళ్లను పిచ్చివాళ్లనడం తప్పు.

> లీటరు వెనక లెక్క
>
> 2018లో ‘సైన్స్’ పత్రికలో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ ప్రచురించిన పరిశోధన ప్రకారం ప్రపంచ సగటున, లీటరుకు:
>
> • పాడి పాలు: వేడి పెంచే వాయువులు 3.2 కిలోలు, నీరు 628 లీటర్లు
>
> • బాదం: 0.7 కిలోలు, 371 లీటర్లు
>
> • బియ్యం: 1.2 కిలోలు, 270 లీటర్లు
>
> • ఓట్: 0.9 కిలోలు, 48 లీటర్లు
>
> • సోయా: ఒక కిలో, 28 లీటర్లు

ఇవి ప్రపంచ సగటులు. మన గేదె వరిగడ్డి, తవుడు, చెక్క తింటుంది, గట్ల మీద మేస్తుంది. దానికోసం అడవి నరికి మొక్కజొన్న వేయాల్సిన పని ఎక్కువగా ఉండదు. అయితే మన పశువులు ఇచ్చే పాలు తక్కువ కాబట్టి లీటరుకు పడే మీథేన్ వాటా ఎక్కువే. బాదం సంగతీ చూడండి. మనం తినే బాదంలో చాలాభాగం నీటికొరతతో అల్లాడే కాలిఫోర్నియా తోటలది. గేదెను వదిలి సముద్రం దాటొచ్చిన బాదం పట్టుకోవడం పర్యావరణం కోసమేనంటే నాకు నమ్మకం కుదరదు.

ప్యాకెట్‌కి అవతలి చెయ్యి

ఊళ్లో పాలకేంద్రం దగ్గర పొద్దున్నే క్యాన్లు, చెంబులు పట్టుకుని నిలబడేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. వెన్న శాతం చూసి చీటీ ఇస్తారు. పది పదిహేను రోజులకోసారి వచ్చే పాలబిల్లు వాళ్ల చేతికొచ్చే సొమ్ము. పంట ఆర్నెల్లకోసారి వస్తుంది, వాన రాకపోతే అదీ రాదు. అనంతపురం లాంటి కరవు జిల్లాల్లో స్కూలు ఫీజు, మందులు, ఉప్పూపప్పూ పాలబిల్లులోంచే. ఉమ్మడి కరీంనగర్ ప్రాంతంలోని ముల్కనూరులో మహిళలే సొంతంగా సహకార డెయిరీ నడుపుతున్నారు. 2021లో అమూల్‌ను మొక్కల పాలవైపు మళ్లమని జంతు హక్కుల సంస్థ ‘పెటా’ కోరినప్పుడు, కోట్లాది రైతుల బతుకుతెరువు మాటేమిటని అమూల్ అప్పటి ఎండీ ఆర్.ఎస్.సోధీ ఎదురడిగారు. అడగాల్సిన ప్రశ్నే అది.

మొత్తం పాల అమ్మకాల్లో ఈ డబ్బాల వాటా ఇవాళ చాలా చిన్నది. పాడి మహిళను నిజంగా దెబ్బతీస్తున్నవి దాణా ధర, మేత కొరత, గిట్టుబాటు కాని రేటు. నగరంలో ఎవరో టీలో ఓట్ పాలు పోసుకున్నందుకు ఆమె గేదెను అమ్ముకోదు. పెద్ద కంపెనీలు విదేశీ ముడిసరుకుతో ఈ మార్కెట్‌ను నింపేసి, మన రైతుకు అందులో చోటు లేకుండా చేస్తే మాత్రం అది నష్టమే. ఆదిలాబాద్, నిజామాబాద్ పొలాల్లో సోయా పండుతోంది. కోనసీమలో కొబ్బరి, అనంతపురంలో వేరుశనగ ఉన్నాయి. పాలు సేకరించి, కాచి, ప్యాకెట్ కట్టి, తెల్లారేసరికి గుమ్మానికి చేర్చే యంత్రాంగం మన సహకార డెయిరీలకు ఉంది. అదే ప్యాకెట్‌లో, అదే మనిషి చేతుల మీదుగా, కాల్షియం, బి12 చేర్చిన పల్లీ పాలు, సోయా పాలు అందుబాటు ధరకు ఎందుకు రాకూడదు? సోయా, పల్లీ రైతుకు స్థిరమైన కొనుగోలుదారు దొరుకుతాడు. పాలు పడని పేదింటి పిల్లకు ప్రోటీన్ దొరుకుతుంది. ప్రభుత్వాలు ఈ పని మొదలుపెట్టాలి.

అప్పటిదాకా మన మిక్సీ

పల్లీ పాలకు వంద గ్రాముల పల్లీలు చాలు. ముడతలు పడినవి, బూజు వాసన వచ్చేవి ఏరిపారేయాలి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. ఆరేడు గంటలు నానబెట్టి, పొట్టు తీసి, ఆ నీళ్లు పారబోసి, మంచినీళ్లతో మెత్తగా రుబ్బి పల్చటి గుడ్డలో పిండాలి. మొత్తం మీద అర లీటరు పైన వస్తాయి. అడుగంటకుండా కలుపుతూ పది నిమిషాలు మరగనిస్తే పచ్చివాసన పోతుంది. ఖర్చు డబ్బా ధరలో నాలుగోవంతు కూడా కాదు. ఫ్రిజ్‌లో రెండు రోజులుంటాయి. పల్లీ అలర్జీ ఉన్న ఇంట్లో మాత్రం ఈ ప్రయత్నం వద్దు.

సోయా పాలకు గింజలు రాత్రంతా నానాలి. చన్నీళ్లతో రుబ్బితే చిక్కుడు పసరు వాసన వస్తుంది, మరిగే నీళ్లు పోసి రుబ్బితే చాలావరకు రాదు. వడకట్టాక పావుగంటకు తగ్గకుండా మరిగించాలి. ప్రోటీన్‌ను అరగనివ్వని పదార్థం ఆ వేడికే నశిస్తుంది. పరమాన్నానికి, పాలతాలికలకు మాత్రం ఇవేవీ వద్దు, కొబ్బరిపాలే పోయండి. రెండోసారి తీసిన పల్చటి పాలలో బియ్యం ఉడికించి, బెల్లం కరిగి పొయ్యి కట్టేశాక మొదటి చిక్కటి పాలు కలిపితే విరగవు. గుడ్డలో మిగిలిన పల్లీ పిప్పిని పారేయకండి. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి దోరగా వేయిస్తే వారంపాటు ఇడ్లీలోకి పొడి వస్తుంది.